రెండు సీట్ల చిన్న సిటీ కారు: మహిళలు తమకు సరిపోయేది ఎంచుకోవడం ఎలా?

రెండు సీట్ల చిన్న కారు కొనుక్కుందామనుకుంటున్నాను, ఏది తీసుకోమంటారు అని అడిగే మహిళలు ఎక్కువయ్యారు. ఒక మోడల్ పేరు చెప్పేసి ఊరుకుంటే వాళ్లకు న్యాయం చేసినట్టు కాదు. అయిదడుగుల మనిషికి అమరిన సీటు అయిదున్నర అడుగుల మనిషికి అమరకపోవచ్చు. ఒక్కతే ఆఫీసుకు వెళ్లొచ్చే ఆమెకు హాయిగా ఉన్న కారు, రోజూ పాపను డేకేర్‌లో దింపే తల్లికి పనికిరాకపోవచ్చు. అందుకే ఏది ముందు చూడాలి, ఏది తర్వాత చూడాలి, ఎక్కడ టేపు పట్టి కొలవాలి అన్నది వరసగా రాస్తున్నాను.

"లేడీస్ కారు" అన్నది అమ్మేవాళ్లు పెట్టిన పేరు. రంగు, అద్దం దగ్గర లైటు, హ్యాండ్‌బ్యాగ్ తగిలించే కొక్కెం చూపించి కారు అంటగడతారు. మహిళలకు నిజంగా తేడా తెలిసేది సీటు దగ్గర, పెడళ్ల దగ్గర, బెల్టు దగ్గర. మిగతావన్నీ వాటి తర్వాతే.

1. ముందు మీ వారం రోజుల ప్రయాణాలు రాసుకోండి

షోరూమ్‌కు వెళ్లే ముందు ఒక వారం పాటు మీరు ఎక్కడెక్కడికి వెళ్లారో కాగితం మీద రాయండి. పండగలు, సెలవులు లేని మామూలు వారం అయితే మంచిది. ప్రతి ప్రయాణం పక్కన ఈ అయిదూ ఉండాలి:

- ఎన్ని కిలోమీటర్లు
- కారులో ఎంతమంది
- వెంట ఏం సామాను
- ఆ దారిలో వాహనాలు వెళ్లే వేగం ఎంత
- బండి ఎక్కడ ఆపారు

ముగ్గురు ఎక్కాల్సిన ప్రయాణం వారంలో ఒకటీ అరా ఉంటే ఆ పూటకు వేరే ఏర్పాటు చూసుకోవచ్చు. రెండు మూడు రోజులకోసారి వస్తుంటే రెండు సీట్ల కారు మీకు కాదు. అప్పుడు మూడు మీటర్ల దరిదాపుల్లో ఉండే నాలుగు సీట్ల బుల్లి కారు చూసుకోవడం మంచిది. వూలింగ్ హోంగ్‌గ్వాంగ్ మినీ ఈవీ, ఎంజీ కామెట్ లాంటివి ఆ కొలతలోనే నాలుగు సీట్లు ఇస్తాయి. పార్కింగ్‌లో వచ్చే లాభం వాటితోనూ చాలావరకు వస్తుంది.

వేగం గడిని తేలిగ్గా తీసుకోవద్దు. మీ దారిలో ఒక్క కిలోమీటరైనా బండ్లు గంటకు 80 కిలోమీటర్లతో దూసుకెళ్లే రోడ్డు ఉంటే, కింద చెప్పే బండ్లలో కొన్ని అక్కడితోనే జాబితాలోంచి పోతాయి.

2. అది కారా, క్వాడ్రిసైకిలా తేల్చుకోండి

బయటికి చూస్తే రెండూ ఒకేలా ఉంటాయి: నాలుగు చక్రాలు, రెండు సీట్లు, స్టీరింగ్. చట్టం దృష్టిలో మాత్రం వేర్వేరు: క్వాడ్రిసైకిల్ అంటే కారు కన్నా తేలికగా ఉండే, వేరే తరగతిగా లెక్కించే నాలుగు చక్రాల బండి. ఎక్కువమంది పొరబడేది ఇక్కడే.

స్మార్ట్ ఫోర్‌టూ పూర్తి స్థాయి కారు. 1998లో వచ్చిన మొదటి తరం పొడవు 2.5 మీటర్లు, చివరి తరం సుమారు 2.7 మీటర్లు. 2024లో దాని తయారీ ఆగిపోయింది కాబట్టి ఇప్పుడు వాడిన బండే దొరుకుతుంది.

సిట్రోయెన్ అమీ క్వాడ్రిసైకిల్. పొడవు 2.41 మీటర్లు, గరిష్ఠ వేగం గంటకు 45 కిలోమీటర్లు. ఎయిర్‌బ్యాగులు, ఏసీ ఉండవు. అదే తరగతికి చెందిన రెనో ట్విజీలో రెండో మనిషి పక్కన కాకుండా డ్రైవర్ వెనక కూర్చోవాలి. మైక్రోలినో కూడా క్వాడ్రిసైకిలే. దానికి ఉన్నది ఒకే తలుపు, అదీ ముందువైపు తెరుచుకుంటుంది. ముక్కు గోడకు ఆనేలా పార్క్ చేస్తే దిగడం కుదరదు.

ఐరోపా నిబంధనల్లో తేలికపాటి క్వాడ్రిసైకిల్ గంటకు 45 కిలోమీటర్లు దాటకూడదు, బ్యాటరీ కాకుండా బరువు 425 కిలోలు మించకూడదు. బరువైన తరగతి గంటకు 90 వరకు వెళ్లవచ్చు. కార్లకు తప్పనిసరైన క్రాష్ పరీక్షలు ఈ రెండు తరగతులకూ తప్పనిసరి కావు. కార్ల భద్రతను పరీక్షించే ఐరోపా సంస్థ యూరో ఎన్‌క్యాప్ 2014లోనూ 2016లోనూ కొన్ని క్వాడ్రిసైకిళ్లను గుద్దించి చూసినప్పుడు, లోపలివాళ్లకు తీవ్ర గాయాలయ్యే ముప్పు స్పష్టంగా కనపడింది.

నా అభిప్రాయం ఇది: మీ తిరుగుడంతా నెమ్మదిగా సాగే ఊరి వీధుల్లోనే అయితే క్వాడ్రిసైకిల్ ఆలోచించవచ్చు. వేగంగా వెళ్లే రోడ్డు ఒక్కటున్నా ఎయిర్‌బ్యాగులు, ఏబీఎస్ (గట్టిగా బ్రేక్ వేసినా చక్రాలు బిగుసుకోకుండా చూసేది), స్టెబిలిటీ కంట్రోల్ (బండి పక్కకు జారకుండా చూసేది) ఉన్న అసలు కారే తీసుకోండి.

డబ్బు కట్టే ముందు అడగాల్సినవి: మీ లైసెన్సు ఈ బండికి చెల్లుతుందా? ఏయే రోడ్ల మీద దీన్ని నిషేధించారు? బీమా కారు కింద వస్తుందా, వేరే తరగతి కిందా? మాటతో సరిపెట్టుకోకుండా రాతపూర్వకంగా తీసుకోండి.

3. డ్రైవర్ సీట్లో కూర్చుని కొలవండి

మొత్తం పనిలో ముఖ్యమైన మెట్టు ఇది. దీనికి అరగంట కేటాయించండి. రోజూ నడిపేటప్పుడు వేసుకునే చెప్పులు లేదా బూట్లతోనే వెళ్లండి, చిన్న కొలత టేపు పట్టుకెళ్లండి. సేల్స్‌మన్ పక్కన నిలబడి తొందరపెడితే, కాసేపు నన్ను వదిలేయండి అని చెప్పడానికి మొహమాటపడవద్దు.

సర్దుకునే వరస ముఖ్యం. ఒకటి మారిస్తే తర్వాతిది మారుతుంది కాబట్టి ఇలాగే వెళ్లండి.

మొదట సీటు ఎత్తు. కళ్లు స్టీరింగ్ పైఅంచుకు బాగా పైన ఉండాలి, బానెట్ అవతల రోడ్డు కనపడాలి. సీటు ఎత్తు మార్చే లివర్ లేని కారైతే, మీరు 155 సెంటీమీటర్ల లోపు ఉన్నప్పుడు దాన్ని అనుమానంగానే చూడండి. దిండు వేసుకుంటే సరిపోతుందని కొందరంటారు. బ్రేక్ వేసినప్పుడు దిండు జారుతుంది, దాంతోపాటు మీరూ బెల్టు కిందికి జారతారు.

తర్వాత పెడళ్ల దూరం. బ్రేక్‌ను, క్లచ్ ఉంటే దాన్నీ, పూర్తిగా కిందికి తొక్కండి. అప్పుడు కూడా మోకాలు కొంచెం వంగి ఉండాలి, నడుము సీటును వదలకూడదు. మడమ నేలకు ఆని ఉండాలి. మడమ గాల్లోకి లేస్తుంటే ట్రాఫిక్‌లో పది నిమిషాలకే పిక్క పట్టేస్తుంది.

ఆపైన ఛాతీకి, స్టీరింగ్‌కు మధ్య దూరం. పెడళ్లు అందాలని సీటు ముందుకు జరిపాక టేపు తీయండి. స్టీరింగ్ నడిబొడ్డు నుంచి మీ రొమ్ము ఎముక వరకు కనీసం 25 సెంటీమీటర్లు ఉండాలి. ఎయిర్‌బ్యాగ్ రెప్పపాటులో పేలుతుంది. అది పూర్తిగా విచ్చుకోవడానికి ఆ జాగా కావాలి. దూరం తక్కువైతే వీపు ఆనే భాగాన్ని కొద్దిగా వెనక్కి వాల్చండి. స్టీరింగ్‌కు కిందికీ పైకీ కదిలే సదుపాయంతో పాటు ముందుకూ వెనక్కూ కదిలే టెలిస్కోపిక్ సదుపాయం ఉంటే లోపలికి నెట్టండి. పొట్టిగా ఉన్నవాళ్లకు ఈ టెలిస్కోపిక్ స్టీరింగ్ పెద్ద తెరకన్నా, అలాయ్ చక్రాలకన్నా విలువైనది. ఇన్ని చేసినా 25 రాకపోతే ఆ కారు మీ ఒంటికి కుదరదు. వదిలేయండి.

బెల్టు. భుజం మధ్యగా, ఛాతీ నడుమగా రావాలి. మెడను కోస్తుంటే బెల్టు పైకొస ఎత్తు మార్చే మీట ఉందేమో చూడండి. చాలా బుల్లి కార్లలో అది ఉండదు. సీటు ఎత్తు పెంచితే సమస్య తీరవచ్చు. చంక కిందుగా బెల్టు పెట్టుకోవడం మాత్రం ఎప్పుడూ చేయకండి. గర్భంతో ఉన్నవాళ్లు బెల్టు మానేయకూడదు: కింది పట్టీ పొట్ట కిందుగా తుంటి ఎముకల మీదుగా, పై పట్టీ పొట్టకు పక్కగా రావాలి. నెలలు నిండే కొద్దీ సీటు వెనక్కి జరగాలి కాబట్టి, అప్పుడు కూడా పెడళ్లు అందుతాయా అన్నది ఇప్పుడే చూసుకోవాలి.

చివరికి తల ఆనే భాగం. దాని పైఅంచు తల పైభాగంతో సమానంగా, తలకు వీలైనంత దగ్గరగా ఉండాలి. వెనకనుంచి గుద్దినప్పుడు మెడ పట్టేసే గాయాలు మగవాళ్లకన్నా ఆడవాళ్లకు ఎక్కువవుతాయని పరిశోధనలు చెబుతున్నాయి. రెండు సీట్ల కారులో మీ వీపు వెనక అట్టే జాగా ఉండదు కాబట్టి దీన్ని పట్టించుకోండి. జడ, ముడి, క్లిప్పు తలను ముందుకు నెడుతుంటే నడిపేటప్పుడు మీరు వేసుకునే తీరులోనే వేసుకుని కూర్చుని చూడండి.

కొలిచిన వెంటనే ఫోన్‌లో రాసుకోండి. మూడు కార్లు చూసేసరికి ఏది దేనిదో కలగాపులగమైపోతుంది.

4. చుట్టూ ఏం కనపడుతోందో చూడండి

సీటు సర్దాక అక్కడి నుంచి కదలకుండా, ఒకరిని కారు చుట్టూ నెమ్మదిగా నడవమనండి. వాళ్లు ఎక్కడ మాయమవుతున్నారో గుర్తుపెట్టుకోండి. ముందు అద్దానికి రెండు వైపులా ఉన్న స్తంభాల వెనక ఒక మనిషి మొత్తం దాక్కుంటే, మలుపుల దగ్గర నడిచి వెళ్లేవాళ్లు అలాగే దాక్కుంటారు.

కారు వెనక మోకాలెత్తు సంచి పెట్టించి చూడండి. అద్దంలో కనపడకపోతే వెనక కెమెరా లేదా సెన్సార్లు తప్పనిసరి. బండి చిన్నది కదా, కెమెరా ఎందుకు అనుకోవద్దు. చంటిపిల్ల ఎత్తు ఏ బండికైనా ఒకటే.

5. పిల్లలు, సామాను

రెండు సీట్ల కారులో పిల్లలు కూర్చునేది ముందు సీటులోనే. కాబట్టి ఇక్కడ వెసులుబాటు లేదు.

వెనక్కి తిరిగి ఉండే చైల్డ్ సీటును పనిచేస్తున్న ఎయిర్‌బ్యాగ్ ముందు పెట్టడం ప్రాణాంతకం. పక్క సీటు ఎయిర్‌బ్యాగ్‌ను ఆపే తాళపు స్విచ్ ఉందా, ఆపాక డ్యాష్‌బోర్డు మీద లైటు వెలుగుతుందా చూడండి. ఆ సీటుకు ఐసోఫిక్స్ కొక్కేలు, అంటే చైల్డ్ సీటును నేరుగా బండికి బిగించేవి, ఉన్నాయా అడగండి. బండి మాన్యువల్‌లో పిల్లల సీట్ల పట్టిక ఉంటుంది, షోరూమ్‌లోనే తెరిచి చదవండి. మీ దగ్గర ఉన్న చైల్డ్ సీటును తీసుకెళ్లి బిగించి చూడటం ఇంకా మంచిది. ఇద్దరు పిల్లలుంటే ఈ ఆలోచన ఇక్కడితో ఆపేయాలి.

డిక్కీ లీటర్లలో రాసిన అంకె మోసం చేస్తుంది. చివరి తరం ఫోర్‌టూకు 260 లీటర్లు అంటారు, అది పొడవుగా కాదు, నిలువుగా ఉండే జాగా. వారానికి సరిపడా సరుకుల సంచులు పడతాయి, మడతపెట్టిన స్ట్రోలర్ పడుతుందో లేదో పెట్టి చూస్తేనే తెలుస్తుంది. పైగా అందులో ఇంజిన్ డిక్కీ కిందే ఉంటుంది కాబట్టి అడుగు వేడెక్కుతుంది. పాలు, మందులు, చాక్లెట్లు అక్కడ పెట్టకండి.

సామాను సీటు వెనక పేర్చుకునే కార్లలో మధ్యన వల గానీ అడ్డుపలక గానీ ఉందా చూడండి. గట్టిగా బ్రేక్ పడితే నీళ్ల సీసా కూడా తలకు తగిలేలా ఎగిరొస్తుంది.

6. భద్రత: చుక్కలు మాత్రమే చూడకండి

చిన్న కారు తేలికైనది. 900 కిలోల కారు, 1,800 కిలోల కారు ఎదురెదురుగా ఢీకొంటే చిన్న కారు వేగంలో వచ్చే ఉన్నపళపు మార్పు పెద్దదానికి రెట్టింపు ఉంటుంది. ఒళ్లు భరించాల్సింది ఆ మార్పునే. క్రాష్ పరీక్షలో వచ్చే చుక్కలను (స్టార్ రేటింగ్‌ను) దాదాపు అంతే బరువున్న కార్లతోనే పోల్చాలి. పరీక్ష జరిగిన సంవత్సరం కూడా చూడాలి, ఎందుకంటే నిబంధనలు కొన్నేళ్లకోసారి కఠినమవుతున్నాయి. పొట్టి మహిళ కొలతల బొమ్మను డ్రైవర్ సీట్లో పెట్టి గుద్దించడం యూరో ఎన్‌క్యాప్ 2015లో మొదలుపెట్టింది. అంతకుముందు పరీక్షించిన కారైతే ఆ చుక్కలు చెప్పేది సగటు మగమనిషి గురించే.

ఒంటరిగా, రాత్రిపూట నడిపేవాళ్లు ఇవి సరిచూసుకోండి:

- బండి కదలగానే తలుపులు వాటంతటవే లాక్ అవుతాయా
- రిమోట్ ఒకసారి నొక్కితే డ్రైవర్ తలుపు ఒక్కటే తెరుచుకునేలా పెట్టుకోవచ్చా
- లోపలి లాక్ బటన్ బెల్టుతో కూర్చున్నప్పుడు చేతికి అందుతుందా
- దిగాక కొన్ని సెకన్లు హెడ్‌లైట్లు వెలిగే ఉంటాయా
- స్టెప్నీ ఉందా, పంక్చర్ కిట్ మాత్రమేనా

చివరిది చిన్న విషయం కాదు. ఈ సైజు కార్లలో చాలావాటికి స్టెప్నీ ఉండదు. కిట్‌లోని జిగురు చిన్న మేకు గుచ్చుకున్న కన్నాన్ని మూస్తుంది, టైరు పక్క చీలితే ఏమీ చేయలేదు. రోడ్డు మీద సాయానికి వచ్చే సర్వీసు మీ బీమాలో కలిసి ఉండేలా చూసుకోండి.

7. పెట్రోలా, బ్యాటరీయా?

ఇంటి దగ్గర రాత్రంతా ప్లగ్ పెట్టుకునే వసతి ఉంటే బ్యాటరీ. లేకపోతే పెట్రోల్. ఈ తరగతిలో దీన్ని ఇంతకన్నా లాగనక్కర్లేదు.

బ్యాటరీ అయితే కంపెనీ చెప్పిన దూరంలో మూడింట రెండొంతులే లెక్కలోకి తీసుకోండి. చలి, హీటర్, పాతబడటం అన్నీ అందులోంచే పోవాలి. అమీ బ్యాటరీ 5.5 కిలోవాట్ అవర్లు, కంపెనీ చెప్పే దూరం 75 కిలోమీటర్లు. మన లెక్కన 50. మొదట్లో రాసుకున్న కాగితంలో అతి దూరమైన రోజు అంతకు లోపే ఉందా చూడండి.

8. టెస్ట్ డ్రైవ్: వాళ్ల దారిలో కాదు, మీ దారిలో

షోరూమ్‌వాళ్లకు నున్నటి రోడ్డు ఒకటి సిద్ధంగా ఉంటుంది. మీరు రోజూ వెళ్లే దారిలోనే నడుపుతానని అడగండి. ఈ వరసలో చూడండి:

1. మీ ఇంటి దగ్గర పార్క్ చేసి, రెండు తలుపులూ తెరిచి దిగండి. రెండు తలుపుల కార్లకు తలుపు పొడవెక్కువ. బండి ఇరుకులో పడుతుంది, మనిషి దిగడానికి జాగా చాలదు.
2. ఇరుకు వీధిలో ఒక్క తిప్పుతో యూ టర్న్ చేయండి. చివరి తరం ఫోర్‌టూ దాదాపు 7 మీటర్ల వెడల్పులో తిరుగుతుంది, మిగతావాటిని దాంతో పోల్చుకోండి.
3. స్పీడ్ బ్రేకర్ మీదుగా పోనివ్వండి. రెండు ఇరుసుల మధ్య దూరం తక్కువ కాబట్టి ముందుకీ వెనక్కీ ఊగుతుంది. నడుము నొప్పి ఉన్నవాళ్లకు తేడా అక్కడే తెలిసిపోతుంది.
4. ఎత్తు మీద ఆపి మళ్లీ కదిలించండి. వెనక్కి జారుతోందా చూడండి.
5. లారీ పక్కనుంచి వెళ్లండి. ఎత్తుగా, పొట్టిగా ఉండే కార్లను పక్కగాలి తోస్తుంది. స్టీరింగ్ చేతిలో ఎంత కదిలిందో గమనించండి.
6. ఏసీ వేసి, ఇద్దరు కూర్చుని ఎత్తు ఎక్కించండి. చిన్న ఇంజిన్ ఎక్కడ ఆయాసపడుతుందో తెలుస్తుంది.

వీలైతే చీకటి పడ్డాక ఇంకోసారి నడపండి. హెడ్‌లైట్ల సత్తా పగలు తెలియదు.

9. వాడిన బండి కొంటుంటే

మొదటి రెండు తరాల ఫోర్‌టూలో గేర్లు వాటంతటవే పడతాయి, అయితే గేరు మారేటప్పుడు బండి ఒక క్షణం ఆగి కదిలినట్టు ఉంటుంది. అది రిపేరు కాదు, దాని తీరే అంత. మీకు చిరాకనిపిస్తే మూడో తరంలోని డ్యుయల్ క్లచ్ బండి, అంటే రెండు క్లచ్‌లతో గేర్లు సాఫీగా మారేది, చూడండి.

టైర్లు తప్పకుండా చూడండి. ఫోర్‌టూకు ముందువీ వెనకవీ వేర్వేరు కొలతలు, నాలుగూ ఒకటే అయితే ఎవరో తప్పు టైర్లు వేశారు. టైరు పక్కన నాలుగంకెలు ఉంటాయి: 2319 అంటే 2019లో 23వ వారంలో తయారైంది.

బ్యాటరీ బండైతే బ్యాటరీ ఆరోగ్యం ఎంత శాతం ఉందో సర్వీస్ సెంటర్ రిపోర్టు అడగండి. ఇవ్వనంటే బేరం అక్కడితో ఆపండి. ఫోర్‌టూ తయారీ ఆగిన మోడల్ కాబట్టి, విడిభాగాలు తెప్పించే మెకానిక్ మీకు దగ్గర్లో ఉన్నాడో లేదో కొనక ముందే ఫోన్ చేసి కనుక్కోండి.

10. తరచూ జరిగే పొరపాట్లు, వాటికి విరుగుడు

ఇంట్లోవాళ్లు నడిపి చూసి బాగుందనడం. నడిపేది మీరైతే కొలతలూ మీవే కావాలి. వాళ్లను పక్క సీట్లో కూర్చోబెట్టి, అక్కడి సౌకర్యం చెప్పమనండి.

చిన్నది కాబట్టి ఖర్చు తక్కువే అనుకోవడం. బీమా, టైర్లు, విడిభాగాల ధరలు ముందే అడిగి అయిదేళ్ల లెక్క వేయండి. ఎక్కువమంది కొనని మోడల్‌కు విడిభాగాలు ఆలస్యంగా వస్తాయి.

రోడ్డు అంచుకు నిలువుగా పార్క్ చేయొచ్చని నమ్మడం. పొడవు సరిపోయినా కొన్ని చోట్ల నిబంధన ఒప్పుకోదు, జరిమానా పడుతుంది. మీ ఊరి నిబంధన చూసుకోండి.

ఎత్తు మడమల చెప్పులతో నడపడం. తలుపు జేబులో చదునైన జత ఒకటి పెట్టుకోండి. పెడళ్ల దగ్గర నేల మీద మాత్రం వద్దు, బ్రేక్ కిందికి జారితే బ్రేక్ పడదు.

11. తాళాలు చేతికొచ్చిన రోజు

బండి ఇంటికి తెచ్చే ముందు అక్కడే నిలబడి ఇవి చేయించుకోండి:

- ఆటోమేటిక్ డోర్ లాక్, ఒక్క తలుపు తెరుచుకునే సెట్టింగ్ మీకు కావాల్సినట్టు పెట్టించడం
- పక్క సీటు ఎయిర్‌బ్యాగ్ స్విచ్‌ను మీ చేత్తో ఆపి, మళ్లీ వేసి చూడటం
- పంక్చర్ కిట్, లాగే కొక్కెం, మాన్యువల్ ఎక్కడున్నాయో బయటికి తీసి చూడటం
- రిమోట్ బ్యాటరీ అయిపోతే తలుపు ఎలా తెరవాలో నేర్చుకోవడం
- రెండు తాళాలూ పనిచేస్తున్నాయో లేదో చూడటం

ఆ తర్వాత సీటు, స్టీరింగ్, అద్దాలను మూడో మెట్టులో చెప్పిన వరసలోనే మీకు సర్దుకోండి. సీటు జరిగే పట్టా పక్కన, మీ స్థానానికి ఎదురుగా, చిన్న రంగు టేపు ముక్క అంటించండి. ఇంట్లో ఇంకొకరు నడిపి సీటు జరిపినా, సర్వీస్‌కు ఇచ్చి తెచ్చుకున్నా, మళ్లీ మీ 25 సెంటీమీటర్ల దగ్గరికి రావడానికి ఆ టేపు చూసుకుంటే చాలు.